ఆందోళనకు హిప్నాటిజం చికిత్స: వెళ్లవచ్చా, వెళ్లకూడదా?

ప్రశ్న: మిల్లు గుమస్తా, మిర్యాలగూడ

అందరికీ నమస్కారం. నేను మిర్యాలగూడలోని ఒక బియ్యం మిల్లులో 12 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. వయసు 41. పోయిన వానాకాలం వడ్లు మిల్లుకు చేరుతున్న రోజుల్లో, లారీలు రోడ్డు దాకా బారులు తీరి ఉండగా, కాంటా దగ్గర నిలబడి ఉన్న నాకు ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకొని, అరచేతులు చల్లబడి, ఊపిరి అందక, ప్రాణం పోతున్నదనే అనిపించింది. నల్లగొండకు తీసుకుపోయి ఈసీజీ, ఎకో, థైరాయిడ్, షుగర్ పరీక్షలన్నీ చేయించారు. అన్నీ సక్రమంగానే ఉన్నాయని, ఇది ఆందోళన వల్ల వచ్చినదని చెప్పి, మానసిక వైద్యుడిని కలవమని చీటీ రాసిచ్చారు. ఆయన రాసిన గోళీ మూడు నెలలుగా వేసుకుంటున్నాను. దడ చాలా వరకు తగ్గింది. అయితే మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న బుగులు మాత్రం పోవడం లేదు. కాంటా దగ్గరికి వెళ్లడం పూర్తిగా మానేశాను, ఆ పని ఒక కుర్రవాడికి అప్పగించాను.

మా అమ్మ నాకు గాలి సోకిందని నమ్మి తాయెత్తు కట్టించింది. మా బావమరిది హైదరాబాదులో ఒక హిప్నోథెరపీ కేంద్రంలో మాట్లాడి వచ్చాడు. పది సిట్టింగులకు 35 వేలు ముందే కట్టాలట. ఆ తరువాత గోళీల అవసరమే ఉండదని వారు హామీ ఇస్తున్నారట. నేను చిన్నప్పుడు మా బడిలో ఒకాయన హిప్నాటిజం ప్రదర్శన ఇస్తూ, మా తోటి పిల్లవాడికి పచ్చి ఉల్లిగడ్డ చేతికిచ్చి ఆపిల్ పండు అని చెబితే వాడు కమ్మగా కొరుక్కుని తిన్నాడు. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్లలో మెదులుతూనే ఉంది. ఆ స్థితిలో నా మీద నాకు అదుపు ఉంటుందా? మిల్లు వ్యవహారాలు, ఇంటి గుట్టు నోరు జారి చెప్పేస్తానా? అసలు దీనివల్ల ఆందోళన తగ్గుతుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: పాలమూరు సైకాలజిస్టు

నమస్కారమండి. నేను మహబూబ్‌నగర్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. కొందరికి చికిత్సలో భాగంగా హిప్నాసిస్‌ను వాడుతుంటాను కనుక ఈ జవాబు రాస్తున్నాను. అయితే మిమ్మల్ని చూడకుండా మీకు ఏది సరిపోతుందో నిర్ణయించడం నా ఉద్దేశం కాదు.

ముందుగా ఉల్లిగడ్డ సంగతి చెబుతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి ఇలాంటి జ్ఞాపకమే ఒకటి ఉంటుంది. వేదిక మీద ప్రదర్శన ఇచ్చేవారు మొదట సభలో ఉన్న అందరిచేతా చేతివేళ్లు బిగించి పట్టుకోమనడం వంటి చిన్న పరీక్ష చేయించి, సూచనకు తేలికగా లోనయ్యేవారిని మాత్రమే పైకి పిలుస్తారు. పైకి వెళ్లిన పిల్లవాడికి వందలమంది చూస్తున్నారన్న ఒత్తిడి, పేరు తెచ్చుకోవాలన్న ఉత్సాహం తోడవుతాయి. చికిత్స గదిలో ప్రేక్షకులూ ఉండరు, ఉల్లిగడ్డా ఉండదు.

హిప్నాసిస్ అంటే నిద్ర అనుకోవడం పాత పొరపాటు. మాంచెస్టర్‌లో స్థిరపడిన స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ 1841లో ఒక ప్రదర్శన చూసి, దాన్ని స్వయంగా పరిశీలించి, 1843లో ఒక గ్రంథం రాసి, గ్రీకుల నిద్రాదేవత పేరు మీద ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. కొన్నేళ్లకు ఆ పేరు తప్పుదోవ పట్టిస్తున్నదని ఆయనకే అనిపించి, ఒకే తలంపు మీద మనసు నిలవడం అనే అర్థం వచ్చే మరో మాటను ప్రతిపాదించాడు గానీ, అప్పటికే పాత పేరు నాటుకుపోయింది. మీరు ఎప్పుడైనా రాత్రంతా ఒగ్గుకథ వింటూ కూర్చున్నారా? కథ రసకందాయంలో పడ్డప్పుడు దోమ కుట్టినా తెలియదు, పక్కవాడు లేచి వెళ్లినా తెలియదు, అయినా ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలుకుతాం. హిప్నాసిస్ దాదాపు అటువంటి స్థితే. మనసును ఒకచోట నిలిపి, ఒళ్లు సడలించి, చెప్పిన మాటను ఊహలో బొమ్మ కట్టించుకోవడం ఇందులో జరుగుతుంది. మీకు ఇష్టం లేనిది చేయించలేరు, మీరు చెప్పదలచుకోనిది చెప్పించలేరు, కావాలంటే ఆ స్థితిలో అబద్ధం కూడా ఆడవచ్చు. మందు ఎక్కించి చేసే నార్కో పరీక్షకు, దీనికి సంబంధం లేదు. నేను మధ్యలో గది విడిచి వెళ్లిపోయినా మీరు కాసేపటికి కళ్లు తెరుస్తారు, లేదా హాయిగా ఒక కునుకు తీసి లేస్తారు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటుంది. కాంటా దగ్గరికి వెళ్లడం మానేశానన్నారు. మీకు వచ్చినది మేము పానిక్ అటాక్ అని పిలిచేదానిలా ఉంది. అది చాలావరకు పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తరువాత తనంతట తానే దిగిపోతుంది. దాని వల్ల ప్రాణం పోదు. కానీ అది వచ్చిన చోటికి వెళ్లకుండా తప్పించుకున్న ప్రతిసారీ, ఆ చోటు నిజంగానే ప్రమాదకరమైనదని, తప్పించుకున్నాం కనుకనే బతికామని మెదడు పాఠం నేర్చుకుంటుంది. ఇవాళ కాంటా, రేపు మిల్లు గేటు, ఎల్లుండి బస్సు ప్రయాణం అన్నట్టుగా హద్దులు దగ్గరవుతూ వస్తాయి. కాబట్టి ఏ చికిత్స తీసుకున్నా, మిమ్మల్ని మెల్లమెల్లగా మళ్లీ కాంటా దగ్గర నిలబెట్టేదై ఉండాలి. ఈ పనిలో ప్రధానమైనది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. ఆలోచనలను, అలవాట్లను దశలవారీగా మార్చే పద్ధతి అది. హిప్నాసిస్ దానికి తోడు నిలుస్తుంది. ఒళ్లు సడలిన స్థితిలో ముందు దూరం నుండి లారీలను, తరువాత కాంటాను, తరువాత జనం మధ్యలో నిలబడి తూకం చీటీ రాయడాన్ని ఊహించుకునేలా చేసి, ఆపైన నిజంగానే అక్కడికి పంపిస్తాం. ఇప్పటివరకు జరిగిన పరిశోధనలను కలిపి చూసినప్పుడు, హిప్నాసిస్ ఒంటరిగా కంటే ఇలా మరో మానసిక చికిత్సతో జతపడినప్పుడే ఆందోళనను ఎక్కువగా తగ్గించినట్టు కనబడింది.

అందరికీ ఇది సమానంగా పట్టదు. 1959లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ గ్రహణశక్తిని కొలిచే ప్రమాణాలు తయారుచేశారు. కొద్దిమందికి బాగా, కొద్దిమందికి దాదాపు ఏమీ లేకుండా, మిగిలిన అధికశాతం మందికి మధ్యస్థంగా ఉంటుందని వాటి ద్వారా తెలిసింది. ఎవరికి ఎంత పడుతుందో చూడకముందే పది సిట్టింగుల సొమ్ము అడగడం, అందులోనూ గోళీలు మానిపిస్తామని హామీ ఇవ్వడం నాకు నచ్చలేదు. ఆ గోళీలను రాసిన వైద్యుడే నెమ్మదిగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే దడ, తలతిరుగుడు తిరిగి రావచ్చు, మీరేమో జబ్బు ముదిరిందని భయపడతారు.

జవాబు 2: టీచరమ్మ, నాగర్‌కర్నూల్

తమ్ముడూ, నేను ఈ చికిత్స తీసుకున్నదాన్ని కనుక లోపల ఎలా ఉంటుందో చెబుతాను. నాలుగేళ్ల కిందట మావారు ఆస్పత్రి పాలై, ఇంటి మీద అప్పు పడి, తరగతిలో పాఠం చెబుతుండగానే నా గొంతు వణికేది, రాత్రి మూడింటికే మెలకువ వచ్చేది. నేను వెళ్లిన సైకాలజిస్టు మొదటి రోజు అసలు కళ్లు మూయించనే లేదు. గంటసేపు నా సంగతులు అడిగి రాసుకున్నారు. రెండోసారి కుర్చీలో వెనక్కి వాలమని, గోడ మీద ఒక చుక్కను చూడమని, రెప్పలు బరువెక్కుతున్నాయని చెబుతూ, పది నుండి ఒకటి వరకు వెనక్కి లెక్కపెట్టించారు. నాకు బయట ఆటో హారన్లు వినబడుతూనే ఉన్నాయి. ఇదేమిటి, నాకేమీ పట్టలేదు కదా అని లోలోపల నవ్వుకున్నాను కూడా.

మీకు నిశ్చింతగా అనిపించే చోటు ఒకటి తలచుకోండి అన్నప్పుడు నాకు మా అమ్మగారి ఊళ్లో బావిగడ్డ మీది చింతచెట్టు, దాని కింద నులక మంచం, దూరంగా మోటారు చప్పుడు గుర్తుకొచ్చాయి. అక్కడ పడుకుని ఊపిరి నిదానంగా వదులుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆ సమయంలో బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కమని, ఇకముందు ఎక్కడైనా ఆ వేళ్లు నొక్కితే ఊపిరి ఇలాగే నెమ్మదిస్తుందని చెప్పారు. చివరికి ఎంతసేపు గడిచిందని అడిగితే పది నిమిషాలన్నాను. గడియారం చూస్తే అరగంట దాటింది.

ఆ మాటలనే ఫోనులో రికార్డు చేసి ఇచ్చి, ఇంట్లో రోజూ 15 నిమిషాలు సాధన చేయమన్నారు. ఆరు సిట్టింగులకు వెళ్లాను. నా లెక్కలో ఆ సిట్టింగుల కంటే ఇంట్లో చేసిన సాధనే ఎక్కువ మేలు చేసింది. పిల్లలు పడుకున్నాక చేసుకునేదాన్ని. మొదటి రెండు వారాలు ఏమీ తేడా తెలియలేదు, ఆ తరువాత నిద్ర కుదురుకుంది. తరగతిలో గొంతు వణికే ముందు వేళ్లు నొక్కుకుంటే ఒక నిమిషం వ్యవధి దొరికేది, ఆ నిమిషంలో నేను సర్దుకునేదాన్ని. అప్పు మాత్రం కళ్లు మూసుకుంటే తీరలేదు, ఆ రంది అలాగే ఉండింది. దానికి మావారు, నేను కూర్చుని లెక్క రాసుకుని, ఎకరం కౌలుకిచ్చి, బ్యాంకులో వాయిదాలు మార్పించుకోవలసి వచ్చింది. ఒక జాగ్రత్త చెబుతాను. ఆ రికార్డింగును బండి నడుపుతూ మాత్రం వినవద్దు.

జవాబు 3: విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, దేవరకొండ

పై ఇద్దరి మాటలూ చదివాను. నేను ఈ విషయంలో కొంత అనుమానపు మనిషిని. మన తెలుగువారిలో హిప్నాటిజం అనగానే 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ గారు గుర్తుకొస్తారు. ఆయన ఇంద్రజాల ప్రదర్శనలూ ఇచ్చారు, మానసిక నిపుణుడిగా కౌన్సెలింగూ చేశారు. అందువల్లనో ఏమో మన జనం మనసులో వేదిక మీది వినోదం, గదిలోని చికిత్స ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఈ కలగాపులగాన్ని ఆసరా చేసుకుని బోర్డులు కట్టేవారున్నారు.

హిప్నాటిజం చరిత్రలో ఒక ఘట్టం చెబుతాను. మెస్మర్ అనే వైద్యుడు మనుషుల దేహాల్లో ఒక అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందని, దాన్ని సరిచేస్తే జబ్బులు పోతాయని పారిస్‌లో పెద్ద పేరు సంపాదించాడు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజర్ వంటి శాస్త్రవేత్తలు ఉన్నారు. వారు ఫ్రాంక్లిన్ ఇంటి తోటలోనే ఒక పరీక్ష పెట్టారు. మెస్మర్ శిష్యుడు తోటలో ఒక చెట్టుకు మాత్రమే ‘శక్తి’ ఎక్కించాడు. 12 ఏళ్ల పిల్లవాడికి కళ్లకు గంతలు కట్టి ఒక్కొక్క చెట్టు దగ్గరికీ తీసుకుపోతే, శక్తి ఎక్కించని నాలుగో చెట్టు దగ్గరే వాడు సొమ్మసిల్లి పడిపోయాడు. ద్రవమేమీ లేదని, జరిగినదంతా ఊహ వల్లనేనని సంఘం తేల్చింది. నేను దీన్ని తరగతిలో మూఢనమ్మకానికి వ్యతిరేకంగా చెప్పేవాడిని. ఒక విద్యార్థిని లేచి, ‘సార్, ఊహతోనే మనిషి పడిపోతే, ఊహతోనే లేవవచ్చు కదా’ అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. పాలమూరు నుండి రాసినవారు చెప్పిన కాంటా ఊహ విన్నాక, ఆమె మాటలో పస ఉందనే అనిపిస్తున్నది.

అయినా నా అభ్యంతరాలు రెండున్నాయి. గత జన్మలోకి తీసుకుపోతాం, మరుగుపడిన జ్ఞాపకాలు బయటికి తీస్తాం అనేవారి జోలికి వెళ్లవద్దు. ఆ స్థితిలో ఊహించినది కూడా నిజంగా జరిగినట్టే గట్టిగా నాటుకుపోయే ప్రమాదం ఉంది. లేని జ్ఞాపకం మీద అన్నదమ్ములు విడిపోవచ్చు. రెండోది చట్టం సంగతి. కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో హిప్నోథెరపీని ఒక చికిత్సా పద్ధతిగా గుర్తిస్తూ, రిజిస్టరైన వైద్యులు లేదా తగిన శిక్షణ పొందినవారు చేయవచ్చని చెప్పింది. ఆ ‘తగిన శిక్షణ’ అనే మాట ఎంత సాగదీస్తే అంత సాగుతుంది. అందువల్ల గోడ మీది సర్టిఫికెట్లు చూసి మోసపోకుండా, ఆ మనిషి హిప్నాటిజం రాకపోయినా మీ జబ్బుకు వైద్యం చేయగలవాడేనా అని అడగండి. మానసిక వైద్యుడైతే మెడికల్ కౌన్సిల్ నంబరు, క్లినికల్ సైకాలజిస్టయితే భారత పునరావాస మండలి నమోదు ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: మిల్లు గుమస్తా, మిర్యాలగూడ

ముగ్గురికీ కృతజ్ఞతలు. బావమరిదికి ఫోను చేసి డబ్బు కట్టవద్దని చెప్పాను. కొంత నొచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. నల్లగొండలో నన్ను చూస్తున్న వైద్యుడినే అడిగి, ఆయన సూచించిన సైకాలజిస్టు దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను. తాయెత్తు విప్పమని మాత్రం అమ్మకు చెప్పలేను. ఒక్క సందేహం. సైకాలజిస్టు దొరికేలోగా నేను ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చా? అర్ధరాత్రి దడ మొదలైతే ఎవరితో మాట్లాడాలి?

జవాబు 4: పాలమూరు సైకాలజిస్టు

తాయెత్తు ఉండనివ్వండి, గోళీ మానకపోతే చాలు. ఇంట్లో చేసుకోవడానికి ఊపిరి సాధన తేలికైనది. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. పొద్దున, రాత్రి పదేసి నిమిషాలు చేయండి. దడ వచ్చినప్పుడే మొదలుపెట్టడం కంటే, లేనప్పుడు అలవాటు చేసుకుంటేనే అవసరానికి పనికొస్తుంది. రాత్రివేళ మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎప్పుడైనా ఛాతీనొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆందోళనేలే అనుకోకుండా 108కి ఫోను చేయండి. రేపు లారీలు లేని వేళ చూసి, ఆ కుర్రవాడిని వెంటబెట్టుకుని కాంటా గది గడప దాకా ఒకసారి వెళ్లి రండి. లోపలికి వెళ్లనక్కరలేదు. ఎలా ఉన్నదో ఇక్కడ రాయండి.