కార్కసోన్: అసలు కోటా, సినిమా సెట్టింగా?

పాతరాయి:
ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న కార్కసోన్ కోట చూసొచ్చామండీ. రెండు వరసల గోడలు, కలిపితే దాదాపు 3 కిలోమీటర్లు, 52 బురుజులు. పిల్లలు గంతులేశారు. నాకే అనుమానం వదల్లేదు. 1853 నుంచి వియొలె-లె-డ్యూక్ అనే ఆర్కిటెక్ట్ బాగు చేయించాడట. ఇంత నిగనిగలాడేదాన్ని మధ్యయుగపు కోట అనొచ్చా?

గోడకవతల:
అనకూడదు. బురుజుల నెత్తిన ఆ కోసు టోపీలు చూశారా? నల్ల పలకరాయి కప్పు ఉత్తర ఫ్రాన్స్ పద్ధతి. కార్కసోన్ వైపు ఇళ్ళ మీద ఉండేవి ఎర్ర పెంకులు. ఆ ఆర్కిటెక్ట్ తన మనసులోని కోట కట్టుకున్నాడు. శిథిలాన్ని శిథిలంగా వదలాల్సింది.

నడకమనిషి:
వదిలితే మిగిలేదా? 1659లో స్పెయిన్‌తో ఒప్పందమై సరిహద్దు పిరనీస్ కొండల దాకా జరిగింది. ఇక ఆ కోటతో సైన్యానికి పని లేదు. 1849లో ప్రభుత్వం కూల్చేద్దామనుకుంది. ఊరివాళ్ళు, కట్టడాల ఇన్‌స్పెక్టర్ మెరిమే అడ్డుపడబట్టి నిలిచింది.

అయినా కోటంటే కప్పులేనా? రెండు గోడల మధ్య నడవండి. బయటి గోడ పొట్టి, లోపలిది పొడుగు. బయటిది దాటినవాడు ఆ సందులో చిక్కుకుంటాడు, పైనుంచి బాణాలు. 1240లో, ఒకప్పుడు ఆ ఊరేలిన వంశంవాడు ట్రాంకవెల్ తన ఊరు తిరిగి దక్కించుకుందామని ముట్టడించాడు. గోడ పక్క ఇళ్ళలోంచి సొరంగాలు తవ్వించాడు, అయినా ఓడిపోయాడు. తర్వాత ఫ్రాన్స్ రాజు మనుషులు ఆ పేటలను నేలమట్టం చేశారు. జనం ఆడ్ నది అవతల కొత్త ఊరు కట్టుకోవాల్సొచ్చింది. నార్బొన్ ద్వారం బురుజులకు ముక్కులాంటి కొస ఉంటుంది, రాయి తగిలితే పక్కకు జారడానికి. ఇదంతా సెట్టింగా?

గోడకవతల:
సరే, ఆ సందులో తర్వాత పేదలు ఇళ్ళేసుకుని తరాలు బతికారు కదా. మరమ్మతు పేరుతో వాళ్ళని ఖాళీ చేయించి ఇళ్ళు పీకేశారు. సైనికుల చరిత్రే చరిత్రా?

నడకమనిషి:
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదండీ. మీరన్నది నిజమే. మరమ్మతుని మాత్రం నేను తప్పుపట్టను. 1997లో యునెస్కో గుర్తింపు ఇచ్చినప్పుడు వియొలె-లె-డ్యూక్ పనిని కూడా ఒక కారణంగా చెప్పారు. కప్పుల గొడవ కార్కసోన్‌లోనూ నడిచింది. 20వ శతాబ్దంలో రోమన్ కాలపు బురుజులు కొన్నింటికి పలకలు తీసేసి ఎర్ర పెంకులేశారు.

పాతరాయి:
ఓహో! నా ఫొటోల్లో కొన్ని బురుజులు నల్లగా, కొన్ని ఎర్రగా ఉన్నాయి. ఎండ తేడా అనుకుని ఫోన్‌ని తిట్టుకున్నాను.