సెట్టింగ్ పుస్తకం బాగుందో లేదో దేన్నిబట్టి చెప్పాలి: చదివితేనా, ఆడితేనా?

నల్లపాచిక:

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు పోషిస్తూ ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలకు లోకాన్ని సమకూర్చే ఫాంటసీ సెట్టింగ్ పుస్తకాల మీద వచ్చే సమీక్షలు చదివినప్పుడల్లా నాకు ఒకటే అసంతృప్తి. బొమ్మలు అద్భుతం అంటారు, దేవతల వంశవృక్షం పకడ్బందీగా ఉందంటారు, వేల ఏళ్ల చరిత్ర రాశారంటారు. ఆ పుస్తకం పెట్టుకుని ఒక్క సెషనైనా, అంటే ఒక్క పూట ఆటైనా, నడిపారో లేదో మాత్రం చెప్పరు. నవలకు వేయాల్సిన మార్కులు వీటికి వేస్తున్నాం. సెట్టింగ్ పుస్తకం ఆట నడిపేవాళ్ల పనిముట్టు. ఏ ఊరి పేజీ తెరిచినా అక్కడ ఎవరికి ఏం కావాలో, వాళ్లకు అడ్డెవరో, ఆటగాళ్లు వేలు పెట్టకపోతే ముందుముందు ఏం జరుగుతుందో తెలియాలి.

"ఈ వంతెనను మూడు వందల ఏళ్ల కిందట ఫలానా రాజు కట్టించాడు" అని రాస్తే నేనేం చేసుకోను? "ఈ వంతెన మీద రెండు ముఠాలు విడివిడిగా సుంకం గుంజుతున్నాయి, రెండోసారి కట్టనన్న వర్తకుడు నిన్నటి నుంచి కనబడట్లేదు" అని రాస్తే ఆ రాత్రికి ఆట సిద్ధం.

1980లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ తన గ్రేహాక్ లోకం తొలి కూర్పు తెచ్చినప్పుడు అది 32 పేజీల పుస్తకం, రెండు భాగాల పెద్ద మ్యాప్, అంతే. ఒక్కో రాజ్యానికి పాలకుడెవరు, జనాభా ఎంత, వనరులేమిటి, ఆపైన పరిస్థితి గురించి కాస్త. మిగతాది మనకు వదిలేశారు. అందుకు పదింతలున్న పుస్తకాలు కొన్ని ఆ పాటి పని కూడా చేయట్లేదు.

పాతపటం:

నల్లపాచిక గారూ, ఆట బల్ల దగ్గరే మొదలవుతుందన్నట్టు మాట్లాడుతున్నారు. ఆట నడిపే జీఎంకి (గేమ్ మాస్టర్‌కి) అది చాలా ముందే, చదవడంతోనే మొదలవుతుంది. ఆటగాళ్లు అనుకోని దారి పట్టినప్పుడు పుస్తకం తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు. బుర్రలో ఏం నిలిచిందో అదే నోటికి వస్తుంది. ఆ లోకం నాలో ఇంకి ఉంటేనే అక్కడి పూజారి ఎలా మాట్లాడతాడో, ఏ మాటకు మండిపడతాడో తడుముకోకుండా చెప్పగలను. మీ వంతెన ముఠాలను ఏ లోకంలో పెట్టినా సరిపోతాయి. నాకు అదే లోపంగా కనిపిస్తోంది. ఈ లోకంలో తప్ప మరెక్కడా పుట్టని గొడవ కావాలి, దానికి వెనక చరిత్ర ఉండి తీరాలి.

1975లో వచ్చిన కల్పిత లోకం టెకుమెల్‌నే చూడండి. దాన్ని సృష్టించిన ఎం.ఎ.ఆర్. బార్కర్ స్వయంగా భాషావేత్త. ఆ లోకానికి సొంత భాష, లిపి, వంశాలు, ఆలయాలు, మర్యాదలు అన్నీ కూర్చారు. మీ కొలత ప్రకారం అందులో సగం కొట్టేయాలి. ఆ సగం తీసేస్తే టెకుమెల్ మిగలదు.

ఆరోముఖం:

ఇద్దరూ పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు కానీ నేను మొదట చూసేది సూచిక. వెనక సూచిక లేకపోయినా, మ్యాప్‌లో ఉన్న పేరు లోపల ఏ పేజీలోనూ తగలకపోయినా ఆ పుస్తకం ఎంత లోతైనదైనా నాకు అనవసరం. మ్యాప్ మీద కొలమానం లేకపోతే మరీ అన్యాయం. ఆ కోటకు నడిచి ఎన్ని రోజులని ఆటగాళ్లు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు.

నల్లపాచిక:

పాతపటం గారూ, టెకుమెల్ మంచి ఉదాహరణ, కానీ అది నా వైపే మాట్లాడుతోంది. ఆ ఆటలో పాత్రలు జకాల్లా అనే రేవులో అప్పుడే ఓడ దిగిన పరదేశులు. ఆటగాళ్లకు ఏమీ తెలియకపోవడం, పాత్రలకు ఏమీ తెలియకపోవడం ఒకటైపోయాయి. అంత బరువైన లోకాన్ని బల్ల మీదికి ఎలా దించాలో బార్కర్ ఆలోచించారు. నేను అడిగేది సరిగ్గా అదే.

చరిత్రే వద్దని నేననలేదు. ఇవాళ ఎవరి మీదా భారం మోపని చరిత్ర వద్దంటున్నాను. 2004లో కీత్ బేకర్ సృష్టించిన ఎబెరాన్ లోకం వచ్చింది. కథ ఆ లోకపు లెక్కలో 998లో మొదలవుతుంది. దేశాల మధ్య నూరేళ్ల యుద్ధం 996లో ఒప్పందంతో ఆగింది. అంతకు రెండేళ్ల ముందు, 994లో, సైర్ అనే దేశం ఒక్క రోజులో నాశనమైంది. ఎందుకో పుస్తకం చెప్పదు, కావాలనే చెప్పదు. ప్రతి దేశానికీ పక్క దేశం మీద అనుమానం. మీ ఆటగాడి పాత్ర సైర్ నుంచి పారిపోయి వచ్చిన శరణార్థి కావచ్చు. ఆ నాలుగేళ్ల చరిత్ర సెషన్ల తరబడి సాగే ఎన్ని క్యాంపెయిన్‌లకు సరిపడా సరుకో ఆలోచించండి. వేల ఏళ్ల కిందటి రాజుల జాబితా అందులో పదోవంతు ఇవ్వదు.

కొత్తసెషన్:

నేను ఆట నడపడం మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు. "మీ ఊహకు వదిలేశాం" అన్న మాటను మీరిద్దరూ తేలిగ్గా ఒప్పుకుంటున్నారు, అదే నాకు నచ్చట్లేదు. ఎబెరాన్ వదిలిన ఖాళీ చుట్టూ గోడలున్నాయి: ఎవరు అనుమానిస్తున్నారు, ఎవరు నష్టపోయారు, ఎవరు వెతుకుతున్నారు అన్నీ రాసి ఉన్నాయి. చాలా పుస్తకాల్లో ఖాళీ అంటే అక్కడ పని చేయలేదని. 2022లో వచ్చిన స్పెల్‌జామర్‌లో ఒక్కోటి 64 పేజీల పుస్తకాలు మూడు. వాటిలో ఒకటి రాక్షసులకు, ఒకటి కథకు పోయింది. నక్షత్రాల మధ్య తిరిగే ఓడల లోకం కదా, ఓడల మధ్య పోరుకు అందులో దక్కిన చోటు చాలా తక్కువ. డబ్బు పెట్టి కొన్నది ఆ పని మళ్లీ నేనే చేసుకోవడానికా?

పాతపటం:

కొత్తసెషన్ చెప్పింది న్యాయం. దానికి ఇంకొకటి కలపాలి: ఆ పుస్తకం మాట మీద నిలబడుతుందా? ఫర్‌గాటెన్ రెల్మ్స్‌ను 2008 కూర్పులో ఒక్కసారిగా ఆ లోకపు లెక్కలో 1479కి తెచ్చేశారు. మధ్యలో 1385లో స్పెల్‌ప్లేగ్ అనే మంత్ర విపత్తు. అంతకు ముందు కాలంలో క్యాంపెయిన్ నడుపుతున్నవాళ్లకు తర్వాత వచ్చిన పుస్తకాలు అతకలేదు. హార్న్ అనే లోకం దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1983 నుంచి వస్తున్న ఆ లోకం పుస్తకాలు 720 అనే ఏడాది దగ్గరే ఆగుతాయి. ఆ తర్వాత ఏం జరిగినా అది మీ బల్ల దగ్గర జరిగిందే. ఊళ్లు, కోటలు, పంటల లెక్కలతో సహా అంత వివరం రాసి కూడా రేపటిని మన చేతికి వదిలేశారు. వివరం ఎక్కువైతే జీఎం చేతులు కట్టేసినట్టే అని వాదించేవాళ్లు హార్న్‌కు ఏం జవాబిస్తారో నాకు వినాలనుంది.

నల్లపాచిక:

హార్న్ విషయంలో నాకు పేచీ లేదు. పంటల లెక్క కూడా ఆటకు పనికొస్తుంది, కరువు వచ్చినప్పుడు ఎవరి గాదె కొల్లగొట్టాలో అదే చెబుతుంది.

సమీక్ష రాసేవాళ్లను నేను అడిగేది ఇంతే. పుస్తకంలో బాగా పేరొచ్చిన అధ్యాయం కాకుండా, కళ్లు మూసుకుని ఏవైనా మూడు చోట్లు తెరవండి. ఒక్కో చోటికి అరగంటలో ఒక సెషన్ రాసుకోండి. సొంతంగా ఏమేం కల్పించుకోవాల్సి వచ్చిందో విడిగా గుర్తుపెట్టండి. సత్రం యజమాని పేరు, గది వర్ణన కల్పించుకున్నారా, ఫరవాలేదు. గొడవనే కల్పించుకోవాల్సి వచ్చిందా, ఆ పేజీ విఫలమైనట్టు. మూడు పేజీలూ అలాగే ఉంటే పుస్తకమే విఫలమైనట్టు, బొమ్మలు ఎంత బాగున్నా సరే. ఆడకుండా చదివి మాత్రమే రాస్తే ఆ సంగతి మొదటి పేరాలోనే చెప్పండి.

పాతపటం:

అరగంట పరీక్ష మంచిదే. కాకపోతే దానికి ముందు పుస్తకం మొత్తం ఒకసారి చదివి ఉండాలంటాను. అది లేకుండా చేస్తే పైపైన మెరిసేవే గెలుస్తాయి, నిదానంగా పట్టు దొరికే లోకాలు ఓడిపోతాయి. ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను.

కొత్తసెషన్:

ఒకటి మిగిలిపోయింది, ఆటగాళ్ల సంగతి. ఒకే అధ్యాయంలో పాత్రల తయారీకి కావలసిన సమాచారం, ఆ పక్కనే "రాణి నిజానికి మారువేషంలో ఉన్న డ్రాగన్" లాంటి రహస్యం ఉంటే ఆ పుస్తకాన్ని వాళ్ల చేతికి ఎలా ఇవ్వను? నేనే కూర్చుని విడగొట్టి, ఆటగాళ్ల కోసం వేరే కాగితం రాయాల్సి వస్తోంది. ఎంత గొప్ప పుస్తకమైనా ఈ పని నా నెత్తిన పెడితే సమీక్షలో అది చెప్పాలి. ఇప్పటివరకు చదివిన సమీక్షల్లో ఆ ముక్క నాకు ఎక్కడా కనపడలేదు.

ఆరోముఖం:

దీనికి నా ఓటు. రహస్యాలు వేరే భాగంలో పెట్టి, సూచికలో కూడా ఆ పేజీలకు గుర్తు వేయాలి. లేకపోతే ఆటగాడు తన ఊరి పేరు వెతకబోయి సూటిగా రహస్యం ఉన్న పేజీకే వెళ్తాడు.