అప్‌డేట్: తమ్ముడికి వచ్చిన గ్రాండ్ జ్యూరీ సబ్‌పీనా విషయం తేలింది

న్యూజెర్సీలో మా తమ్ముడు పనిచేసే కన్సల్టెన్సీ మీద హెచ్-1బి మోసం దర్యాప్తు నడుస్తోందనీ, ఏజెంట్లు ఇంటికొచ్చి ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ సబ్‌పీనా (నేరాభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందానికి సాక్ష్యమో పత్రాలో ఇమ్మనే ఆదేశం) ఇచ్చి వెళ్లారనీ చెప్పి, ఏం చేయాలని అడిగాను కదా. వాడి వరకు గండం గడిచింది. అందరికీ కృతజ్ఞతలు.

కంపెనీ లాయర్ చాలన్నారు కొందరు, సొంత లాయర్ని పెట్టుకోమన్నారు ఇంకొందరు. రెండో మాటే పనిచేసింది. కంపెనీ లాయర్ కాపాడేది కంపెనీనే. మనం ఆయనకు చెప్పింది కంపెనీ తలచుకుంటే ప్రభుత్వానికి ఇచ్చేయొచ్చు.

మా లాయర్ ముందు ప్రాసిక్యూటర్‌కి ఫోన్ చేసి, వీడు టార్గెట్టా (నేరం చేశాడని గట్టి ఆధారాలున్నవాడా), సబ్జెక్టా (వీడి పనులు కూడా దర్యాప్తు పరిధిలో ఉన్నాయా), ఉత్త సాక్షా అని అడిగారు. సాక్షే అన్నారు. ఆ మాట విన్నాకే అమ్మ కడుపునిండా అన్నం తింది.

పే స్లిప్పులు, ఈమెయిళ్లు, వాట్సాప్ చాట్‌లు, అడిగినవన్నీ లాయర్ ద్వారానే ఇచ్చాం. "నేను పనిచేయని క్లయింట్ పేరు నా వీసా పిటిషన్‌లో ఎందుకుంది సార్?" అని వీడు అడిగితే, "అది హెచ్ఆర్ చూసుకుంటుంది, నీకెందుకు" అని మేనేజర్ ఇచ్చిన జవాబు ఆ చాట్‌లోనే ఉంది. వీడికి అండ అదే. చాట్‌లు తీసేయమని సలహా ఇచ్చినవాళ్లు దయచేసి ఇంకెవరికీ అలా చెప్పకండి. దర్యాప్తుకు అడ్డుపడాలని రికార్డులు చెరిపితే 20 ఏళ్ల వరకు, ఏజెంట్లకు కావాలని అబద్ధం చెబితే 5 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.

తర్వాత లాయర్ పక్కనుండగా ప్రాసిక్యూటర్ వాళ్ల ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. బెయిలు, ఇండియాకు తిరిగొచ్చేయడం లాంటివేవీ అవసరం పడలేదు. ఇప్పుడు వేరే కంపెనీకి మారాడు.