పాత ఎస్టీమ్ ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ నెర్రె విచ్చింది: వెల్డింగా, మార్చడమా?

గ్రీమ్స్‌పేట ఎస్టీమ్
2004 మోడల్ మారుతి ఎస్టీమ్ కారు, పెట్రోల్, ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ పోసే) బండి. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ టిక్ అని కొడుతుంది, ఇంజన్ వేడెక్కాక తగ్గిపోతుంది. ట్యాపెట్లు (ఇంజన్ వాల్వులను తోసే భాగాలు) అన్నారు, సెట్ చేయించినా శబ్దం పోలేదు. మొన్న హీట్ షీల్డ్ (వేడిని ఆపే రేకు) విప్పి చూస్తే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లో, అంటే ఇంజన్ పొగను సైలెన్సర్ పైపులోకి పంపే భాగంలో, గొట్టాలు కలిసే మూలలో సన్నటి నెర్రె, దాని చుట్టూ మసి. ఒక మెకానిక్ వెల్డింగ్ కొడితే చాలంటాడు, ఇంకొకాయన మార్చాల్సిందే అంటాడు. పలమనేరు మీదుగా బెంగళూరుకు తరచూ పోవాల్సిన బండి. ఈ పని చేయించినవాళ్లు ఎవరైనా చెప్పండన్నా.

రేణిగుంట 800
ట్యాపెట్ల జోలికి ఇక పోవద్దు. చల్లగా ఉన్నప్పుడు కొట్టి వేడికి తగ్గిందంటే లీకే. ఇనుము వేడికి సాగి ఆ సందు కొంత మూసుకుంటుంది. ఇంకో గుర్తు: ట్యాపెట్ శబ్దం లోడ్ ఉన్నా లేకున్నా ఒకటే తీరు. మ్యానిఫోల్డ్ లీకు ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా కొడుతుంది. తిరుమల ఘాట్‌లో అద్దం దించి, రెండో గేర్లో కొండరాయి పక్కన పోతూ వినండి. రాయికి తగిలి శబ్దం మళ్లీ మన చెవికే వస్తుంది, దాచుకోలేదు.

నెర్రె ఒక్కటేనా, ప్యాకింగ్ (ఇంజన్ హెడ్‌కూ మ్యానిఫోల్డ్‌కూ మధ్య పెట్టే గ్యాస్కెట్) కూడా పోయిందా అన్నది విప్పకముందే తెలుసుకోవచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ చివర బ్లోయర్ పెట్టి గాలి కొట్టండి, మ్యానిఫోల్డ్ చుట్టూ సబ్బునీళ్లు పూయండి. బుడగ లేచినచోటల్లా లీకే.

లేత్ షెడ్, తిరుపతి
వెల్డింగ్ గురించి. మ్యానిఫోల్డ్ బీడుది, అంటే పోత ఇనుము. అందులో కార్బన్ ఎక్కువ, అందుకే పెళుసు. మామూలు రాడ్‌తో చల్లటి బీడు మీద వెల్డింగ్ కొడితే కొట్టినచోట బాగానే పట్టుకుంటుంది, దాని పక్కనే కొత్త నెర్రె పుడుతుంది. నా దగ్గరికి అలాంటివి చాలా వస్తాయి. వెల్డింగ్ గీత చెక్కుచెదరకుండా ఉంటుంది, వేలెడు దూరంలో పగిలి ఉంటుంది. కస్టమర్‌కు చూపిస్తే నమ్మడు, వెల్డర్‌నే తిడతాడు.

అంబాసిడర్ అన్న
లేత్ సార్ చెప్పింది సగమే ఒప్పుకుంటా. నా అంబాసిడర్ మ్యానిఫోల్డ్‌కు చేసిన వెల్డింగ్ ఏళ్ల తరబడి నిలిచింది. చేసినాయన పద్ధతి తెలిసినవాడు. నెర్రె రెండు కొసల్లో చిన్న బెజ్జాలు వేశాడు, ఇక ముందుకు పాకకుండా. నెర్రెను వి ఆకారంలో గ్రైండ్ చేశాడు. మొత్తం కాస్టింగ్‌ను బొగ్గుల మీద కాల్చి, నికెల్ రాడ్‌తో కొంచెం కొంచెంగా కొడుతూ, కొట్టిన ప్రతిసారీ చిన్న సుత్తితో తట్టాడు. అయిపోయాక బూడిదలో పూడ్చి పెట్టాడు, మరుసటి రోజు దాకా ముట్టుకోనివ్వలేదు. ఇంత ఓపికున్న వెల్డర్ దొరికితే వెల్డింగ్ తప్పేం కాదు.

లేత్ షెడ్, తిరుపతి
అలా చేస్తే నేనూ కాదనను అన్నా. మీ అంబాసిడర్ కాస్టింగ్ మందం వేరు, ఎస్టీమ్‌ది పల్చన. పైగా గొట్టాలు కలిసే మూలలోనే వేడి ఎక్కువ. దొరికినంత కాలం ఎస్టీమ్‌కు వేరేది వేయడమే మేలు. కొత్తది దొరక్కపోతే చెన్నై పుదుపేటలో పాతవి చూడొచ్చు. పాతది కొంటే ఒక పని చేయండి: దారంతో వేలాడదీసి పానాతో మెల్లగా తట్టండి. మంచిదైతే గణగణమంటుంది, నెర్రె ఉంటే బొంగురుగా పలుకుతుంది. మసి కడిగించి చూడకుండా డబ్బులివ్వొద్దు.

చంద్రగిరి అమ్మ
మెకానిక్ విషయాలు నాకు తెలియవు, ఒక్కటి చెప్తాను. మా ఆయన కారులో ఇదే శబ్దం ఉంటే "శబ్దమే కదా" అని వదిలేశారు. ఏసీ వేసుకుని పోయిన ప్రతిసారీ పిల్లలకు తలనొప్పి, వాంతులు. ఘాట్ తిప్పటం అనుకునేవాళ్లం. మ్యానిఫోల్డ్ మార్చాక ఆ గోలే లేదు. బండి నడుస్తోంది కదా అని తిప్పకండి.

రేణిగుంట 800
అమ్మా, మంచి మాట చెప్పారు. బానెట్ కింద లీకైన పొగ ముందు అద్దం కింద ఉండే గాలి దారి నుంచి లోపలికి వస్తుంది. పొగ వాసన రావొచ్చు, కానీ అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. పని అయ్యేదాకా బయటి గాలి లోపలికి లాగే మీట మూసేసి, కిటికీలు దించుకుని నడపండి. మూసిన షెడ్‌లో స్టార్ట్ చేసి వదలొద్దు.

గ్రీమ్స్‌పేట ఎస్టీమ్
అయితే మార్చడానికే ఫిక్స్ అయ్యాను. ఇప్పుడు టెన్షన్ అంతా స్టడ్ల (మ్యానిఫోల్డ్‌ను హెడ్‌కు పట్టి ఉంచే మరల కడ్డీల) గురించే. తుప్పు పట్టి నట్టు ఏదో స్టడ్డు ఏదో తెలియడం లేదు. మైలేజ్ కూడా పడిపోయింది, దానికీ దీనికీ సంబంధం ఉందా?

పలమనేరు రోడ్డు
ఉంది. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకుంటే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోల్ తక్కువైందని ఈసీయూకు (ఇంజన్ కంప్యూటర్‌కు) చెప్తుంది, అది ఇంకా పోస్తుంది. సెన్సర్ మార్చమని ఎవరైనా అంటే ముందు లీకు సంగతి చూడమనండి.

లేత్ షెడ్, తిరుపతి
స్టడ్ల దగ్గర తొందరపడితే ఒక పూట పని వారం పడుతుంది. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, పొద్దున మళ్లీ కొట్టండి. రింగ్ పానా లేదా ఆరు పలకల బాక్స్ పానానే వాడండి, డబల్ ఎండ్ పానాతో నట్టు మూలలు అరిగిపోతాయి. కదిలాక ఒకేసారి విప్పేయకండి. పావు తిప్పు విప్పండి, మళ్లీ బిగించండి, మళ్లీ విప్పండి. తుప్పు పొడి రాలుతూ వస్తుంది. పానా కింద నట్టు మెత్తగా, బంకలా తిరిగిందా, ఆగండి. అది వదులవడం కాదు, స్టడ్డు మెలితిరుగుతోంది. ఇంకో పావు తిప్పుకు పుటుక్కుమంటుంది.

అలాంటి నట్టును ఎర్రగా కాల్చాలి. స్ప్రే అంతా తుడిచి, పెట్రోల్ పైపులు పక్కకు తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పాకే గ్యాస్ పెట్టాలి. మంట నట్టుకు మాత్రమే. హెడ్ అల్యూమినియం, దాన్ని కాల్చకూడదు.

విరిగిందనుకోండి, కొంచెం బయటికి ఉంటే దాని మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టండి. ఆ వేడికే పట్టు వదులుతుంది, పానాతో వచ్చేస్తుంది. లోపలికి విరిగితే సరిగ్గా నడిమధ్యన పంచ్ కొట్టి డ్రిల్ చేయాలి. చేత్తో పట్టుకుని చేస్తే డ్రిల్ మెత్తటి అల్యూమినియం వైపు జారుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు. మరలు పోతే హెలికాయిల్ (బెజ్జంలో కొత్త మరలుగా వేసే తీగచుట్ట) వేయించుకోండి.

గ్రానైట్ పాలిష్, చిత్తూరు
కొత్తదైనా పాతదైనా బిగించేముందు హెడ్‌కు ఆనే ముఖం సమంగా ఉందో లేదో చూడాలి. మనూళ్లో దానికి కరువేముంది, పాలిష్ పట్టిన గ్రానైట్ ముక్క ఏ ఫ్యాక్టరీ బయటైనా దొరుకుతుంది! మందపాటి ముక్క తీసుకుని దాని మీద మ్యానిఫోల్డ్‌ను బోర్లించి, చుట్టూ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి బ్లేడు) దూర్చి చూడండి. లేత్ వాళ్ల స్ట్రెయిట్ ఎడ్జ్ అంత పక్కా కాదు కానీ, వంకర ఉంటే తెలిసిపోతుంది. మూలల్లో బ్లేడు సులువుగా దూరితే ఫేసింగ్ చేయించాలి, అంటే ఆ ముఖాన్ని అరగదీసి సమం చేయించాలి. వంకరదాన్ని స్టడ్లతో లాగి బిగిస్తే మళ్లీ పగులుతుంది.

అంబాసిడర్ అన్న
పాత అంబాసిడర్ వాళ్లు ఫేసింగ్ చేయించేటప్పుడు జాగ్రత్త. మన బండిలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు. కొన్ని స్టడ్ల దగ్గర ఒకే మందపాటి వాషర్ రెండింటినీ కలిపి నొక్కుతుంది. ఒకదాన్నే అరగదీస్తే వాషర్ రెండోదాని మీదే ఆని, మొదటిది వదులుగా ఉండిపోతుంది.

పలమనేరు రోడ్డు
అసలు ఎందుకు పగిలిందో ఎవరూ అడగలేదు. బీడు ఊరికే పగలదు. కింది పైపును పట్టుకునే బ్రాకెట్ విరిగినా, సైలెన్సర్ రబ్బర్లు తెగినా బరువంతా మ్యానిఫోల్డ్ మీదే వేలాడుతుంది. ఇంజన్ మౌంట్ పోతే గేరు మార్చిన ప్రతిసారీ కుదుపు దానికే. నాది వానల్లో పోయింది: ఘాట్ దిగి వేడి మీదున్న బండిని రైల్వే అండర్‌బ్రిడ్జి నీళ్లలో దించాను. ఇవి చూసుకోకుండా కొత్తది వేస్తే దానికీ అదే గతి.

గ్రీమ్స్‌పేట ఎస్టీమ్
అన్నా, మీ మాట విని బండి కింద దూరి చూశాను. బ్రాకెట్ విరిగి కట్టుతీగతో కట్టి ఉంది! ఎవరు కట్టారో. బ్రాకెట్, ఇంజన్ మౌంట్లు, మ్యానిఫోల్డ్ అన్నీ మార్చించాను. ఒక్క స్టడ్డు విరిగింది, నట్టు వెల్డింగ్‌తోనే వచ్చింది. శబ్దం పోయింది. బిగించినాయన ప్యాకింగ్‌కు సిలికాన్ పూస్తానంటే వద్దన్నాను, సరేనా? మళ్లీ టైట్ చేయాలా?

లేత్ షెడ్, తిరుపతి
మంచిపని చేశారు, సిలికాన్ ఆ వేడికి నిలవదు. రెండు మూడు సార్లు బాగా వేడెక్కి చల్లారాక, చల్లటి ఇంజన్ మీదే ఒకసారి చూసుకోండి. నడిమి నట్టుతో మొదలుపెట్టి రెండు వైపులకూ పోవాలి. 8 ఎంఎం స్టడ్లకు సాధారణంగా 20–25 న్యూటన్ మీటర్లు, మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ఫైనల్. బలముంది కదా అని జాస్తి బిగించొద్దు. అల్యూమినియం హెడ్ బీడు కంటే రెండింతలు సాగుతుంది, మ్యానిఫోల్డ్ బెజ్జాలు స్టడ్ల కంటే రవ్వంత పెద్దగా ఉండేది అందుకే. జరగడానికి చోటివ్వాలి. హీట్ షీల్డ్ కూడా తిరిగి వేయించారు కదా?

గ్రీమ్స్‌పేట ఎస్టీమ్
దాని బోల్టులు రెండు లేవు. రేపు కొని వేస్తా.