అప్‌డేట్: గిటార్ ట్యాబ్ వదలని పిల్లలకు నొటేషన్ నేర్పడం, చివరికి ఏం పనిచేసిందంటే

నల్లగొండలో ఇంటి దగ్గర ఆరుగురికి గిటార్ నేర్పుతున్నా, పైన నొటేషన్ (అయిదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి), కింద ట్యాబ్ (ఏ తీగ మీద ఎన్నో మెట్టు నొక్కాలో అంకెల్లో చూపేది) ఉన్న షీట్ ఇస్తే అందరూ కింది అంకెలే చూస్తున్నారు అని రెండు నెలల కింద అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఒక్కటే: ట్యాబ్ గీతలు ఖాళీగా ఉంచి, అంకెలు పిల్లలతోనే రాయించడం. మొదటి వారం ఓపెన్ స్ట్రింగ్స్ (ఏ మెట్టూ నొక్కకుండా మోగించే తీగలు, ట్యాబ్‌లో సున్నా) మూడే. నొటేషన్‌లో జీ కింది నుంచి రెండో గీత, బీ నడిమి గీత, ఈ పై ఖాళీ. వాయించే ముందు తాళం చప్పట్లతో, ఎందుకంటే మామూలు ట్యాబ్‌లో అంకెలే తప్ప ఏ స్వరం ఎంతసేపో ఉండదు, మావాళ్ల అసలు గండి అక్కడే ఉందని పియానో నేర్పే దోస్తు ఒకాయన క్లాసులో కూర్చుని చూసి చెప్పాడు.

మొన్న ఒక పాప నడిమి గీత బీకి రెండో తీగ సున్నా బదులు మూడో తీగ మీద 4 రాసింది. తప్పన్నాను. "రెండూ ఒకటే వినిపిస్తున్నయి కదా సార్" అంది, నిజమే మరి! ఒకే స్వరం రెండు చోట్ల దొరుకుతుంది, ఎక్కడ వాయించాలో నొటేషన్ గీత చెప్పదు, ట్యాబ్ చెప్తుంది. ట్యాబ్ ఎందుకుందో ఆ రోజే అందరికీ ఎక్కింది.

నొటేషన్ నేర్పడానికని కొత్త పుస్తకం కొన్న డబ్బులు దండగ. గిటార్ రాసినదానికంటే ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద మోగుతుందన్న టెన్షన్ కూడా అనవసరం, ఎవరూ అడగనే లేదు.