బ్యాగు తగిలించుకుని ఒంటరిగా స్పెయిన్: సాంటియాగో నడక, తిండి, దొంగల భయం గురించి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

కొర్లగుంట కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. ఉద్యోగంలో చేరాక కొంచెం డబ్బు కూడబెట్టుకున్నా. సెప్టెంబరులో మూడు వారాలు సెలవు దొరికింది. వీపుకో బ్యాగు తగిలించుకుని స్పెయిన్ తిరిగి రావాలని ఇంటర్ చదివే రోజుల నుంచి కోరిక. అనుకున్న దారి ఇదీ: చెన్నై నుంచి బార్సిలోనా, తర్వాత వాలెన్సియా, గ్రనాడా, సెవిల్, కోర్డోబా, మాడ్రిడ్, చివర్లో సాంటియాగో.

అమ్మకి ఒకటే టెన్షన్. "అక్కడ ఏం తింటావురా, పాస్‌పోర్టు ఎవడైనా కొట్టేస్తే ఎవరి దగ్గరికి పోతావు" అని రోజూ అడుగుతోంది. నేను గుడ్డు తింటాను, మాంసం, చేపలు ముట్టను. స్పానిష్ ఒక్క ముక్క రాదు. పడుకోవడానికి హాస్టళ్ళలో డార్మిటరీ మంచం చాలు.

సాంటియాగోలో ఉన్న పెద్ద చర్చికి జనం యాత్రగా వందల కిలోమీటర్లు నడిచి వెళ్తారని చదివాను. అలిపిరి నుంచి కొండకి నడిచి వెళ్ళడం నాకు అలవాటే. అక్కడ కొన్ని రోజులైనా నడవడం కుదురుతుందా? నెట్‌లో దొరికేవి చాలా చదివేశా. మీకు స్వయంగా ఎదురైనవి చెబితే అమ్మకి చదివి వినిపిస్తా.

చిత్తూరు గాంధీరోడ్డు:

ముందు వీసా సంగతి చూడు బాబూ, మిగతావి తర్వాత. స్పెయిన్‌తో పాటు యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది షెంగెన్ వీసా. దాని ఫీజు 90 యూరోలు, వీసా సెంటర్ వాళ్ళ సర్వీసు చార్జీ వేరే. ట్రావెల్ ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోల కవరేజీతో ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, 15 రోజులకన్నా తక్కువ ఉంటే తీసుకోరు. ఆ 15 రోజులూ నమ్ముకోవద్దు, ఎండాకాలం రద్దీలో అపాయింట్‌మెంటే దొరకదు. మనవాళ్ళు చెన్నైకో హైదరాబాదుకో పోయి వేలిముద్రలు ఇచ్చి వస్తారు. పక్కనే కదా అని పోర్చుగల్, ఫ్రాన్స్ కూడా కలుపుకుంటే ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటావో ఆ దేశానికే అప్లై చేయాలి. అది గుర్తుంచుకో.

బైరాగిపట్టెడ టీచరమ్మ:

తమ్ముడూ, నేను ఎండాకాలం సెలవుల్లో ఒక్కదాన్నే వెళ్ళొచ్చా. అమ్మకి ఇది చదివి వినిపించు.

నీ లిస్టులో ఊళ్ళు ఎక్కువైపోయాయి. రెండు మూడు తీసేయి. నడక మాత్రం తీయొద్దు. ఇంకోమాట, దాన్ని చివర్లో కాదు, మొదట్లో పెట్టుకో. సాంటియాగో ఉండే గలీసియా వానల ప్రాంతం. సెప్టెంబరు మొదట్లో అక్కడ హాయిగా ఉంటుంది, నెలాఖరుకి వానలు మొదలవుతాయి. సెవిల్, కోర్డోబా వైపేమో సెప్టెంబరు మొదట్లో ఎండ మండిపోతుంది, నెల చివరికి తగ్గుతుంది. నువ్వు వేసుకున్న వరస దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. మాడ్రిడ్‌లో దిగి, లూగో దాకా బస్సు, అక్కడి నుంచి సారియాకి ఇంకో బస్సు పట్టుకో.

సారియా ఎందుకంటే, ఫ్రాన్స్ సరిహద్దు నుంచి వచ్చే పూర్తి దారి 780 కిలోమీటర్ల దాకా ఉంటుంది, నెల పైనే పడుతుంది. కానీ నడిచినవాళ్ళకి ఇచ్చే కంపోస్టెలా పత్రం కావాలంటే చివరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు. సారియా నుంచి సాంటియాగోకి 115 దాకా ఉంటుంది. పోర్టోమరీన్, పలాస్ దె రేయ్, అర్సువా, ఓ పెద్రౌసో ఊళ్ళలో రాత్రుళ్ళు ఆగుతూ వెళ్తారు. దారి తప్పే ప్రశ్నే లేదు. రాళ్ళ మీద, గోడల మీద, కరెంటు స్తంభాల మీద పసుపు బాణాలు ఉంటాయి. ఈ బాణాలు 1980లలో ఓ సెబ్రెయిరో ఊరి ఫాదర్ ఎలియాస్ వాలిన్యా మొదలుపెట్టిన పని. రంగు డబ్బా పట్టుకుని దారి పొడుగునా గీసుకుంటూ వెళ్ళాడట ఆయన. ఎవరో తెలియని నాలాంటిదానికి నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ బాణాలే దారి చూపించాయి. అందుకే ఆయన పేరు చెప్తున్నా.

పోర్టోమరీన్‌లో చర్చిని తీరిగ్గా చూడు. 1960లలో మిన్యో నది మీద డ్యాం కట్టినప్పుడు పాత ఊరు మునిగిపోయింది. ఆ చర్చిని రాయి రాయి విప్పి, ఒక్కోదానికి నంబరు వేసి పైన కొత్త ఊళ్ళో మళ్ళీ కట్టారు. శ్రీశైలం డ్యాం నీళ్ళు వస్తాయని సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో కట్టినట్టే. గోడ దగ్గరికి వెళ్ళి చూస్తే కొన్ని రాళ్ళ మీద ఆ నంబర్లు ఇంకా కనిపిస్తాయి.

అలిపిరి అలవాటు పనికొస్తుంది కానీ సరిపోదు. 3,550 మెట్లు ఎక్కినా పూటలో అయిపోతుంది, వీపున బరువుండదు, మర్నాడు మళ్ళీ నడవక్కర్లేదు. అక్కడ రోజుకి 20 నుంచి 29 కిలోమీటర్లు, వరసగా. పలాస్ దె రేయ్ నుంచి అర్సువా రోజు అన్నిటికంటే పొడుగు, ఎత్తులు దిగుతూ ఎక్కుతూనే ఉండాలి. ఆ రోజు సగం దారిలో నా కుడి మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది. మెలీదె ఊళ్ళో బెంచీ మీద కూర్చుని బూటు విప్పితే సాక్సు తడిసి అతుక్కుపోయి ఉంది. పక్కన కూర్చున్న కొరియా పెద్దాయన ఒక్క మాట మాట్లాడకుండా తన సంచిలోంచి వెడల్పాటి టేపు తీశాడు. నా మడమ తుడిచి, ఆరేదాకా చేత్తో విసిరి, టేపు మూలలు గుండ్రంగా కత్తిరించి అంటించాడు. మూలలు కోణంగా ఉంటే నడిచేటప్పుడు లేచిపోతాయని వేళ్ళతో చూపించాడు. మర్నాడు పొద్దున మళ్ళీ కనిపించి, నడక మొదలుపెట్టక ముందే అంటించుకోవాలని సైగ చేసి, టేపు చుట్ట నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. సాంటియాగో దాకా ఆ టేపే నన్ను నడిపించింది. నువ్వు ఇక్కడే కొనుక్కో, వ్యాజలీన్ కూడా. పొద్దున కాలివేళ్ళ మధ్య రాసుకుని తర్వాత సాక్సులు వేసుకో. బూట్లు కొత్తవి వద్దు, రెండు నెలలు ఇక్కడ తొడిగినవే తీసుకెళ్ళు. బరువు మోయలేననిపిస్తే అక్కడి పోస్టాఫీసు వాళ్ళే బ్యాగుని తర్వాతి ఊరికి చేరుస్తారు, కొన్ని యూరోలతో అయిపోతుంది.

పడుకోవడానికి ఆల్బెర్గేలు ఉంటాయి, అంటే నడిచేవాళ్ళ కోసం పెట్టిన హాస్టళ్ళు. ప్రభుత్వానివైతే మంచం పది యూరోల ప్రాంతంలో ఉంటుంది. ముందు బుకింగ్ ఉండదు, ఎవరు ముందొస్తే వాళ్ళకి. ఒక్క రాత్రే ఉండనిస్తారు, రాత్రి పదికి లైట్లు ఆర్పేస్తారు, పొద్దున ఎనిమిదికల్లా ఖాళీ చేయాలి. చెవుల్లో పెట్టుకునే దూది లాంటివి తప్పకుండా ఉంచుకో, గురకలు గోడలు దాటి వస్తాయి.

తిండి దగ్గర ఇబ్బంది వంటకాలతో కంటే టైముతో ఎక్కువ. మధ్యాహ్నం భోజనం ఒకటిన్నర నుంచి నాలుగు లోపల. తర్వాత వంటిల్లు మూసేస్తారు, రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా తెరవరు. నేను సెవిల్‌లో రైలు దిగేసరికి నాలుగున్నర. ఎండ నాకు కొత్త కాదు, మన మే నెల చూసినదాన్నే. కానీ వీధికి వీధి షట్టర్లు దించేసి ఉంటే, కడుపు నకనకలాడుతుంటే దిక్కు తోచలేదు. చివరికి ఒక మూల చిన్న బార్ కనిపించింది. బార్ అంటే అమ్మ కంగారు పడొద్దు, అక్కడ కాఫీ, టిఫిను, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ బార్‌లోనే. గాజు పెట్టెలో అరచేయంత మందాన తోర్తియా ఉంది. బంగాళాదుంపలు, గుడ్డు, ఉల్లిపాయ వేసి చేస్తారు. బార్ ఆయన ఒక ముక్క కోసి, రొట్టె పెట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ఏ ఊళ్ళో అయినా ఏ వేళప్పుడైనా నాకు అదే దిక్కు. నీకు గుడ్డు ఇబ్బంది లేదు కాబట్టి ఆకలితో పడుకోవాల్సిన పని రాదు.

జాగ్రత్త పడాల్సింది పప్పులు, సూపుల దగ్గర. పప్పే కదా అని చెప్తే అందులో పంది మాంసం ముక్కలు ఉంటాయి. గలీసియా ఆకుకూర సూపులో కూడా అంతే, అర్సువాలో నాకు అలాంటి గిన్నె వచ్చింది. వడ్డించిన ఆవిడకి అది మాంసం లెక్కలోకే రాదు, రుచి కోసం వేస్తారు. ఎంతో ప్రేమగా తెచ్చి పెట్టింది, వద్దంటే చిన్నబుచ్చుకుని, వెంటనే వెళ్ళి వేయించిన పచ్చిమిరపకాయలు, టమాటా రుద్దిన రొట్టె తెచ్చింది. "మాంసం తినను" అంటే చాలదు. "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హమోన్" అని మూడూ చెప్పు, అంటే మాంసం, చేప, పంది మాంసం లేకుండా అని. సలాడ్ అడిగినా "సిన్ అతూన్" అను, లేకపోతే ట్యూనా చేప వేసేస్తారు. ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూతే, శనివారమే అరటిపళ్ళు, రొట్టె, చీజ్ కొనిపెట్టుకో.

అమ్మ కారప్పొడి, ఊరగాయ కట్టిస్తానంటే తీసుకెళ్ళు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దని చెప్పు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం అక్కడికి రానివ్వరు.

కొర్లగుంట కుర్రోడు:

అక్కా, చాలా థాంక్స్. అమ్మ మొత్తం విన్నది, టేపు దగ్గర రెండోసారి చదవమంది. వరస మార్చేశా, వాలెన్సియా తీసేశా. దొంగల సంగతి మాత్రం మళ్ళీ అడగమంటోంది. పాస్‌పోర్టు పోతే నిజంగా ఏం చేయాలి?

బైరాగిపట్టెడ టీచరమ్మ:

నా కళ్ళముందు జరిగినదే చెప్తా. బార్సిలోనా హాస్టల్లో నా గదిలో వేలూరు అమ్మాయి ఉండేది. ఇద్దరం అరవంలో మాట్లాడుకునేవాళ్ళం. ఒక పొద్దున రాంబ్లా వీధిలో నడుస్తుంటే పెద్దమనిషిలా ఉన్న ఒకతను వచ్చి, భుజం మీద పిట్ట రెట్ట వేసిందని చూపించి, టిష్యూ పేపరు ఇచ్చి తుడుచుకోమన్నాడు. నిజంగానే తెల్లగా ఏదో ఉంది. ముందు తగిలించుకున్న చిన్న సంచి తీసి బల్ల మీద పెట్టి తుడుచుకుంది. తల ఎత్తేసరికి సంచీ లేదు, మనిషీ లేడు. రెట్ట వేసింది పిట్ట కాదు, ఆ మనిషితో వచ్చినవాళ్ళు.

ఇద్దరం పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. అక్కడి రాష్ట్ర పోలీసుల్ని మోసోస్ అంటారు. ఇంగ్లీషు వచ్చిన ఆఫీసర్ ఉన్నారు, ఓపిగ్గా రాసుకుని, స్టాంపు వేసిన దెనున్సియా, అంటే ఫిర్యాదు కాగితం ఇచ్చారు. ఇన్సూరెన్సుకైనా, ఎంబసీకైనా ఆ కాగితమే ముఖ్యం. తర్వాత ఆ అమ్మాయి రైలెక్కి మాడ్రిడ్‌లో మన ఎంబసీకి వెళ్ళింది. పాస్‌పోర్టు, వీసా జెరాక్సులు, ఫోటోలు తన ఈమెయిల్లో ఉండటంతో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ వచ్చింది. కానీ దాంతో ఇండియాకి తిరిగి రావడమే, ఇంకెక్కడికీ పోలేరు. ఆ అమ్మాయి గ్రనాడా చూడకుండానే ఇంటికొచ్చింది. ఇప్పటికీ తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

కాబట్టి పాస్‌పోర్టు ఒంటికి, చొక్కా లోపల. ఎవరు ఏ మరక చూపించినా ఆగకు, నడుచుకుంటూ ఏదైనా షాపులోకి వెళ్ళి తుడుచుకో. మెట్రోలో ఎక్కేటప్పుడు, ఎస్కలేటర్ మీద బ్యాగు ముందుకి వేసుకో. ఏ అవసరానికైనా 112. మనుషుల్ని కొట్టి లాక్కోవడం తక్కువ, చేతివాటమే ఎక్కువ. అర్ధరాత్రి దాకా వీధుల్లో పిల్లాపాపలతో కుటుంబాలు తిరుగుతుంటాయని, ఆడపిల్లనైన నాకు ఎక్కడా భయం వేయలేదని అమ్మకి చెప్పు.

పలమనేరు బాటసారి:

గ్రనాడా మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. అక్కడి అల్‌హంబ్రా కోట టికెట్లు వారాల ముందే అయిపోతాయి, వీసా రాగానే ఆన్‌లైన్లో తీసుకో. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి, గేటు దగ్గర అసలు పాస్‌పోర్టు చూపించాలి. కోట లోపలి నస్రీద్ రాజభవనాలకి మాత్రం టికెట్లో వేసిన టైముకే లోపలికి పంపుతారు. అది దాటితే మిగతా కోటంతా తిరగొచ్చు గానీ ఆ భవనాల్లోకి రానివ్వరు. అసలు చూడాల్సింది అవే. గేటు నుంచి అక్కడిదాకా బాగానే నడవాలి, గంట ముందు వెళ్ళు.

మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియం సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఉచితం. లైను పొడుగ్గా ఉంటుంది కానీ త్వరగా కదులుతుంది. ఇంకోటి, ఏటీఎంలో డబ్బు తీస్తే రూపాయల్లో లెక్క కట్టమంటారా అని అడుగుతుంది. వద్దని, యూరోల్లోనే అని నొక్కు. రూపాయల్లో అంటే రేటు బాగా కోసేస్తారు.

కొర్లగుంట కుర్రోడు:

అన్నా, థాంక్స్. అక్కా, ఆఖరి ప్రశ్న. ఆల్బెర్గేలో మంచం ఇవ్వాలంటే ఏదో కార్డు ఉండాలంటున్నారు, ఇక్కడి నుంచే తెప్పించుకోవాలా?

బైరాగిపట్టెడ టీచరమ్మ:

అక్కర్లేదు. దాన్ని క్రెడెన్సియాల్ అంటారు, మడతపెట్టే అట్ట కాగితం. సారియాలోనే చర్చిలో, ఆల్బెర్గేల్లో రెండు మూడు యూరోలకి ఇస్తారు. దారిలో చర్చిలు, బార్లు, ఆల్బెర్గేలు అన్నిటి దగ్గరా స్టాంపు ఉంటుంది, అడగ్గానే వేస్తారు. చివరి 100 కిలోమీటర్లలో రోజుకి రెండు స్టాంపులు ఉండాలని చెప్పేవారు, నేను మూడు నాలుగు వేయించుకున్నా. వాన పడితే సిరా చెదిరిపోతుంది, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకో. సాంటియాగోలో కెథీడ్రల్ దగ్గర పిల్‌గ్రిమ్ ఆఫీసులో అది చూసే పత్రం ఇస్తారు. వెళ్ళే ముందే వాళ్ళ వెబ్‌సైట్లో పేరు నమోదు చేసుకుంటే లైనులో ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రార్థనకి అందుకోవాలంటే ఓ పెద్రౌసోలో చీకటితోనే బయల్దేరు, టార్చి చేతిలో ఉంచుకో, మొదట్లో దారి యూకలిప్టస్ తోటల్లోంచి పోతుంది.