గాలాపగోస్‌కు చిన్న ఓడలో: మే నెల మంచిదేనా?
ఈక్వడార్‌లోని గాలాపగోస్ దీవులను 16 మంది పట్టే చిన్న ఓడలో చూడాలనుకుంటున్నాం. ఒక్క వారంలో అన్నీ కుదరవట. పడమటి రూట్‌లో ఫెర్నాండినా, ఇసబెలా: నల్లటి లావా రాళ్లపై ఒకదానిమీద ఒకటి పడి ఒళ్లు కాచుకుంటూ, ముక్కుల్లోంచి ఉప్పునీళ్లు చిమ్మే సముద్రపు ఇగువానాలు (పెద్ద బల్లుల్లాంటివి), ఎగరలేని కార్మొరాంట్లు (నీటికాకులు). నాకవే కావాలి. మా ఆవిడకేమో ఆగ్నేయం మూలన ఎస్పాన్యోలా దీవిలోని ఆల్బట్రాస్‌లు (పెద్ద సముద్రపక్షులు) కావాలి. అవి జనవరి నుంచి మార్చి దాకా అక్కడ ఉండవు.

అసలు టెన్షన్ సముద్రంతో. జూన్ తర్వాత హంబోల్ట్ అనే చల్లటి సముద్ర ప్రవాహం వల్ల నీళ్లు చల్లబడి, అలలు పెరుగుతాయి. ఆవిడకు బస్సెక్కితేనే వాంతులు! మే నెలలో వెళ్తే ఆల్బట్రాస్‌లూ కనిపించి, సముద్రమూ కాస్త నెమ్మదిగా ఉంటుందా? ఓడలు ఎక్కువగా రాత్రిపూటే కదులుతాయి కదా, కింది డెక్‌లో మధ్య గది తీసుకుంటే నిజంగా కుదుపు తగ్గుతుందా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.